పొలోన్యా మొక్కు, నెనీతా మోకాళ్ళు

"రేపు నీ మోకాళ్ళకి పనుంది. పాదాలతో చేసేవన్నీ ఇవాళే కానిచ్చెయ్, ఇందాయ్," అంది కోడలితో అత్త పొలోన్యా, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని.

నెనీతా ఆ పనిలోనే ఉంది. ఎండిన కొబ్బరిపీచు డొప్ప కుడిపాదం కింద పెట్టుకుని, ఒంటికాలి మీద ఊగుతూ చెక్కనేలను రుద్దుతోంది. రేపు సిలువ మోసే నల్లప్రభువు పండుగ. ఆ రోజు బంతిగి ఊళ్ళో ఎవరింటి తలుపూ మూసి ఉండదు. వచ్చినవాళ్ళందరికీ కొబ్బరిపాలలో చిలగడదుంపలూ అరటిపళ్ళూ ఉడికించి గిన్నెల్లో పోయాలి. పోసేది నెనీతా. అంతకంటే ముందు, తెల్లారగానే, చర్చి గుమ్మం నుంచి పీఠం దాకా మోకాళ్ళ మీద నడిచేదీ నెనీతానే. మొక్కు మాత్రం ఆమెది కాదు.

పెళ్ళయిన కొత్తలో ఆమె మొగుడు క్రిస్పిన్‌ను సముద్రంలో తోకకు విషపు ముల్లున్న చేప పొడిచింది. మొదట్లో ఆ చేప పళ్ళెమంత ఉండేది. కొబ్బరికల్లు దుకాణంలో అతను చెప్పగా చెప్పగా అది పెరిగి, ఇప్పుడు చర్చి తలుపంత అయింది. ఇంకో రెండు పండుగలు పోతే దాని వీపు మీద పడవలు కట్టేసుకోవచ్చు. అయితే చేప గురించి నవ్వేవాళ్ళు కూడా కాలి గురించి నవ్వరు. కాలు మోకాలి దాకా నల్లబడింది, చీము పట్టింది, తీసెయ్యాలన్నారు పట్నం డాక్టర్లు. అప్పుడు పొలోన్యా పండుగ జనం మధ్య విగ్రహం ముందు సాగిలపడి, "నా కొడుకు కాలు నిలబెట్టు తండ్రీ, మా ఇంటివాళ్ళం ఏటేటా మోకాళ్ళ మీద నీ దగ్గరికి వస్తాం" అని ఊరంతా వినేలా ఏడ్చింది. కాలు నిలిచింది. ఈ క్షణాన అది ఊయలలోంచి బయటికి వేలాడుతూ హాయిగా ఊగుతోంది.

మొదటి ఏడు పొలోన్యా తనే నడిచింది. మరుసటి ఏడు, "నా మోకాళ్ళు ఒప్పుకోవడంలేదు, కోడలు మాత్రం ఇంటిమనిషి కాదూ?" అంది. ఆవిడే, కుటుంబం ఫోటో తీయించుకున్న రోజున, "ఇంటివాళ్ళం మాత్రం నిలబడదాం" అని నెనీతా చేతికి గొడుగిచ్చి పక్కకు పంపింది. క్రిస్పిన్ సంగతి వేరు. "దేవుడు బాగుచేసి ఇచ్చిన కాలు. తీసుకెళ్ళి ఆయన గచ్చుకే రాస్తే ఇచ్చినవాడు నొచ్చుకోడూ?" అంటాడు. అంత భక్తి గల మనిషి.

ఇప్పుడు నెనీతా మోకాళ్ళు రెండూ వాచి పనసకాయల్లా ఉన్నాయి. ఇంకోసారి గచ్చు మీద ఈడిస్తే కూర్చుని లేవడం కూడా ఉండదని ఆరోగ్య కేంద్రం నర్సు గట్టిగా చెప్పింది. ఆ మాట ఇంట్లో చెబితే అత్త, "నర్సుకు మొక్కులేం తెలుసు?" అంది. క్రిస్పిన్ తల వంచుకుని, "నువ్వు మానేస్తే నా కాలికి ఏమన్నా అయితే?" అన్నాడు.

ఆ ఒక్క మాటకే ఆమె కాళ్ళూ చేతులూ కట్టేసినట్టయింది. నవ్వేసి ఊరుకోవడానికి ఆమె నమ్మకం లేని మనిషి కాదు. ఆ కాలిని జామాకులు కాచిన నీళ్ళతో కడిగింది తను. వాసనకు కన్నతల్లి గుమ్మం దాటి రాలేనప్పుడు చీము పిండింది తను. గుడ్డ మార్చిన ప్రతిసారీ "ప్రభూ" అనడం తప్ప ఇంకో మాట నోటికి వచ్చేది కాదు. ఒకరోజు పొద్దున ఆ నల్లటి తోలు కింద పసిపాప చెక్కిలి లాంటి ఎర్రటి కండ కనిపించింది. తాకి చూసింది. వెచ్చగా ఉంది. దేవుడున్నాడని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు; ఆయన పని చేస్తుంటే పక్కన గిన్నె పట్టుకుని నిలబడింది. తల్లి మొక్కు ఫలించిందన్నారు అందరూ. కావచ్చు. గొంతెత్తి అడిగింది ఒకరు, మాట రాక అడిగింది ఇంకొకరు, ఎవరిది విన్నాడో ఆయనకే తెలుసు. ఆ ఆరా ఆమె ఎన్నడూ తీయలేదు. ఇప్పటి బెంగల్లా ఒక్కటే. తను లేచి నిలబడితే, అంత దయగా ఇచ్చినదాన్ని ఆయన వెనక్కి తీసుకుంటాడా? తీసుకుంటే, రేపు ఆ కాలు మళ్ళీ నల్లబడితే, కడగాల్సింది తనే, నిందపడాల్సిందీ తనే.

తెల్లారేసరికి మోకాళ్ళకు పాత మెత్తటి గుడ్డలు చుట్టుకుని చర్చి గుమ్మంలో మోకరించింది. గుమ్మం నుంచి పీఠం దాకా మనుషులు, ఆటుపోటులో నీళ్ళు కదిలినట్టు మెల్లగా కదులుతున్నారు. కొబ్బరిచెట్లెక్కేవాడు బిడ్డను భుజాన ఎత్తుకుని వస్తున్నాడు. ఓడ యజమాని పెళ్ళాం పట్టుగౌను నేలకు రాసుకుంటూ వస్తోంది. ఆ గచ్చు మీద కలిగినవాళ్ళ బట్టా లేనివాళ్ళ బట్టా ఒకేలా అరుగుతాయి. అంతమంది నొప్పి ఒకచోట చేరినా, చిత్రం, ఏడుపుమొహం ఒక్కటీ లేదు.

పక్కనే వస్తున్న ముసలావిడ, "దేనికమ్మా నీ మొక్కు?" అని అడిగింది.

"మా ఆయన కాలు బాగైనందుకు."

"పాపం, ఇంకా నడవలేడా?"

"నడుస్తాడు పెద్దమ్మా. ఊయలలో ఉన్నాడు."

ముసలావిడ పళ్ళులేని నోటితో నవ్వింది. "నాది తాగుడు. ఈ ప్రభువే మాన్పించాడు. కొడుకు తన మోకాళ్ళిస్తానన్నాడు కానీ నేనే ఒప్పుకోలేదు. ఏడాదంతా ఈ దారి కోసమే చూస్తాను తల్లీ. ఇది నాకూ ఆయనకూ మధ్య మాట. ఇంకొకళ్ళని పంపిస్తే ఆయన మొహం నేనెప్పుడు చూసేది?"

నెనీతా అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ తన మోకాళ్ళ గురించే ఆలోచించింది. ఇంట్లో ఆ ఇద్దరూ ఏం పోగొట్టుకున్నారో ఆలోచించలేదు. తలెత్తితే గోడ మీద సీమోను బొమ్మ. పొలం నుంచి తన దారిన తను పోతున్న సీమోనును సైనికులు పట్టుకుని, ప్రభువు సిలువను అతని భుజానికెత్తారు. మోశాడు పాపం. కానీ కొండ మీదికి చేరాక దాన్ని దించి పక్కకు తప్పుకున్నాడు. దాని మీదికెక్కింది ప్రభువే. ఎక్కమని సీమోనును ఎవరూ అడగలేదు, ప్రభువు అంతకన్నా అడగలేదు.

పక్కావిడ భుజం ఆసరాగా పట్టుకుని నెనీతా లేచి నిలబడింది. పైకప్పు కూలలేదు. వెనకున్నవాళ్ళు దారిచ్చారు. మిగిలిన దూరం పాదాల మీద నడిచి విగ్రహం దగ్గరికి వెళ్ళింది.

అక్కడ భక్తుల చేతిగుడ్డలు అందుకుని ప్రభువు పాదానికి తాకించి ఇచ్చే దెలియా, ఎప్పటిలాగే చెయ్యి చాపింది. "ఎవరికి? మీ ఆయన కాలికేనా, అత్తగారి నడుముకు కూడానా?"

"నాకు," అంది నెనీతా, చేతిగుడ్డ అందిస్తూ.

దెలియా ఆ గుడ్డను మామూలు కన్నా ఎక్కువసేపు పాదానికి అద్ది ఇచ్చింది. నెనీతా అక్కడే మెట్టు మీద కూర్చుని కట్లు విప్పి, రెండు మోకాళ్ళూ తుడుచుకుంది. తనకోసం ఏమన్నా అడగడం అదే మొదలు కాబట్టి ఎలా అడగాలో తెలియలేదు. నల్లటి ఆ మొహం మాత్రం, ఇన్నాళ్ళూ నువ్వు అడగవేమా అని చూస్తున్నాను అన్నట్టుంది. ఆమెకు కళ్ళనీళ్ళు దిగాయి. తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె మెట్ల మీద చిన్నపిల్లలా గెంతిందని ఊళ్ళో చెబుతారు. అందులో సగం తీసెయ్యండి. గోడ పట్టుకోకుండా దిగిందన్నది మాత్రం నిజం.

ఇంటికి వచ్చేసరికి పొలోన్యా ప్రభువు గుడ్డతో తుడిపించుకోవడానికి నడుము చూపించి కూర్చుంది. క్రిస్పిన్ ఊయలలోంచి కాలు చాపాడు.

"నా గుడ్డ ఏదీ?" అంది అత్త.

"ప్రభువుకు నమస్కారం చెప్పి వచ్చాను నానాయ్. మీ మొక్కు సీమోను బొమ్మ దగ్గర దించేశాను. అక్కణ్ణించి పీఠం దాకా దారి అలాగే ఉంది, మీకోసం."

పొలోన్యా సిలువ గుర్తు వేసుకుంది. క్రిస్పిన్ చాపిన కాలు వెనక్కి తీసుకుని, పిక్క తడిమి చూసుకున్నాడు. "నా కాలికి ఏం కాదుగా?" అన్నాడు.

నెనీతా అతని చెప్పులు తెచ్చి ఊయల కింద పెట్టింది.

"అది ఆయన్నే అడుగు క్రిస్పిన్. నిన్ను చూసి చాలా కాలమైంది, సంతోషిస్తాడు."