పాలపిండి డబ్బాలో గుడ్లగూబ

ఏరా అల్లుడూ, వలలో పడ్డ గుడ్లగూబలా అలా కళ్లు మిటకరిస్తావేంటి? ఈ వీధిలో నన్ను బోల్తా కొట్టించే మొనగాడు పుట్టలేదనే కదా నీ నమ్మకం? కూర్చో. మా అక్క మొగుడు, మా బావ గురించి చెబుతాను.

ఆ మధ్యాహ్నం బావ యూనిఫారాల దుకాణంలో గుండీలకు కాజాలు కుడుతున్నాడు. ముప్పై రెండేళ్లుగా ఆయన పని అదే. ఒక్క చొక్కా కూడా మొత్తంగా కుట్టి ఎరగడు. పిల్లలంతా ఆయన కాజాల్లో గుండీలు పెట్టుకుని బడికి వెళ్లారు గానీ, ఆయన మొహం ఏ పిల్లాడికీ తెలియదు. వంగి వంగి వీపు గూనైపోయింది. ఎడమ బొటనవేలు సూదిపోట్లతో జల్లెడలా ఉండేది. సూదిని కిటికీ వెలుగులోకి ఎత్తి, మూడుసార్లు గురి తప్పి, నా వైపు చాచాడు.

"ఎక్కించరా. ఈ మధ్య సూది బెజ్జాలు మరీ చిన్నవి చేస్తున్నారు."

"అవును బావా, కంపెనీవాళ్లు నీమీద కక్ష కట్టారు" అన్నాను.

నవ్వాడు. కంటి నరం ఎండిపోతోందనీ, వచ్చే ఏటికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదనీ డాక్టరు చెప్పి నెలయింది. అప్పటికే అక్షరాలు అలుక్కుపోయాయి. రంగులు మాత్రం మిగిలాయి.

పొద్దు గుంకగానే ఇద్దరం ఊరి చివరి పంపుహౌసుకు నడిచాం. చలికాలం ముందు ఉత్తరపు అడవుల నుంచి పిడికిలంత గుడ్లగూబలు మా ఊరి మీదుగా దక్షిణానికి వెళతాయి. వాటి మీద పరిశోధన చేసే ఆవిడ ఒకరున్నారు, మేం పంతులమ్మ అంటాం. వలలో పట్టి, కాలికి నంబరున్న రింగు తొడిగి, తూచి, వదిలేస్తారు. ఆ పనికి ఊరే చెయ్యి వేసింది. ఆసుపత్రి తూకపు మిషను ఇచ్చింది, బేకరీవాడు రొట్టెలిచ్చాడు, అక్క పాలపిండి డబ్బా ఇచ్చింది. గుడ్లగూబను అందులో తలకిందులుగా దూర్చి తూకం మీద పెడితే, చీకటే కదా అని బుద్ధిగా ఊరుకుంటుంది. తోక మాత్రం బయటికి, సంచిలోంచి తొంగిచూసే తోటకూర కట్టలా.

చిరిగిన వలలు బావ బాగుచేసేవాడు. వెంట్రుకంత దారం. పక్షి చిక్కుకుంటే ఒక్క ఈక రాలకుండా విడదీసేవాడు. నాలుగేళ్ల కిందట పంతులమ్మ దగ్గరుండి ఆయన చేత ఒక రింగు తొడిగించింది. నంబరు చివర నాలుగొందల పదిహేడు. వెళ్లినవాటిలో మళ్లీ మా వలకు చిక్కేది వందకొకటి. అయినా ప్రతి ఏడూ, రింగుతో ఏ పక్షి పడ్డా అడిగేవాడు. "చూడరా, నాలుగొందల పదిహేడా?" కాదు. ఎప్పుడూ కాదు. ఆ కళ్లకు ఇక అదే ఆఖరి సీజను.

ఆ రాత్రి చివరి వలలో ఒకటి పడింది. కాలికి అప్పటికే రింగుంది, ఎక్కడో ఉత్తరాన తొడిగింది. భూతద్దం నా చేతిలో ఉంది. చివర రెండొందల తొంభై. నా నాలుక ఊరుకుంటుందా?

"బావా! నాలుగొందల పదిహేడు!"

పంతులమ్మ కలం ఆగిపోయింది. నేను కన్నుకొట్టాను.

బావ పక్షిని అందుకున్నాడు. ఊదారంగు దీపం కింద రెక్క విప్పి పట్టుకున్నాడు. ఆ దీపం కింద కొత్త ఈకలు గులాబీరంగులో మెరుస్తాయి, పాత ఈకలు వెలిసిపోయి ఉంటాయి. ఆ రెక్క ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్కటే గులాబీరంగు, ఊదిన నిప్పులా. అంతకుముందు వంద రెక్కలు చూశాను, అయినా భూతద్దం దించి దాన్నే చూశాను. బావ చెంప మీద నీళ్లు జారాయి.

"దారి ఎవరు చెప్పార్రా దీనికి?" అన్నాడు. "ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. ఇంత ప్రాణం. ఎవరు చెప్పార్రా?"

బయటికెళ్లి అరచెయ్యి విప్పాడు. అది కాసేపు ఆయన వేళ్ల మీదే కూర్చుంది. తర్వాత లేదు, అంతే. రెక్క చప్పుడైనా కాలేదు. ఆయన చెయ్యి అలాగే చాచి ఉంచాడు. నా అబద్ధానికి నేనే మురిసిపోతూ వలలు దించడానికి వెళ్లాను.

అది జరిగిన పన్నెండో రోజు సాయంత్రం దుకాణంలో టీ తెచ్చిన మనిషి పిలిస్తే బావ పలకలేదు. గడ్డం గుండెకు ఆనించి ఉంది. సూది వేళ్ల మధ్యే ఉంది. కాజా సగం అయింది.

సీజను ముగిశాక పంతులమ్మ డబ్బా నాకు తెచ్చి ఇచ్చింది.

"ఆ రాత్రి తప్పు నంబరు చెప్పానండీ, కొట్టేయండి" అన్నాను తల వంచుకుని.

"తప్పు రాస్తేగా కొట్టేయడానికి? మీరు వలలు దించడానికి వెళ్లగానే ఆయనే అన్నారు, మావాడి మాట వినకండి, రింగు మీదున్నదే రాయండని. మీతో చెప్పొద్దన్నారు."

డబ్బా అడుగున కాగితం. గుమ్మడికాయలంత అక్షరాలు, ఒకదాని మీద ఒకటి పడిపోతూ.

'ఒరేయ్, రెక్కంతా ఒకే రంగు. ఈ ఏడు పుట్టిన పిల్ల. దానికి నాలుగేళ్ల నాటి రింగెలా వస్తుందిరా వెర్రివాడా? ముచ్చటపడుతున్నావు కదా అని ఊరుకున్నా.'

అంటే ఆయన ఏడ్చింది నా అబద్ధానికి కాదు, పుట్టాక మొదటిసారి బయల్దేరి దారి తప్పకుండా వచ్చిన ఆ పిల్లను చూసి. చెప్పరా అల్లుడూ, బోల్తాపడింది ఎవరు?

డబ్బా అదిగో, ఆ గూట్లోనే ఉంది. అడుగున ఒక చిన్న ఈక అంటుకుపోయింది, పగటిపూట చూస్తే వట్టి మట్టిరంగే.