గోదారి బొమ్మ

స్తుతి విజన్ అనే కేబుల్ చానెల్ బతికున్నన్నాళ్లూ వెంకన్నపేట కబడ్డీ జట్టు టీవీలో ఒక్కసారి కూడా ఓడిపోలేదు. గ్రౌండులో ఓడిందా అంటే, ఓహో, బోలెడుసార్లు. కల్లూరు వాళ్లు వచ్చి ఓడించి పోయారు. వేంసూరు వాళ్లయితే మన్ను కరిపించి, పైగా మన హోటల్లోనే పూరీలు తిని మరీ బస్సెక్కారు. కానీ ఆ ముచ్చట టీవీలో చూసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, చూద్దాం.

ఆ కిటుకు ఇన్నయ్యది. భద్రాచలానికి ఎగువన, ఇటు గోదావరి అటు అడవి ఉన్న ఆ చిన్న ఊళ్లో ఇంటింటికీ కేబుల్ ఇచ్చిందీ, కూతురి పేరు మీద సొంత చానెల్ పెట్టిందీ, పంద్రాగస్టు కబడ్డీ పోటీల్ని లైవ్‌లో చూపించిందీ అతనే. ఒక కెమెరా, ఒక మైకు, గ్రౌండు నుంచి తన డాబా మీది గది దాకా చెట్ల మీదుగా లాగిన వైరు, అంతే సరంజామా. కామెంట్రీ కూడా తనదే. "బొజ్జన్న పోతున్నడు, కూత పెట్టిండు, అరెరే గీత దాటిండు, ఇగ ఎవడాపుతడు!" అని అతను గొంతెత్తితే హోటళ్లలో టీలు చల్లారిపోయేవి. మనవాళ్లు ఇక గెలిచేది లేదని తేలగానే మాత్రం ఇన్నయ్య చెయ్యి గ్రౌండు అంచున వేసుకున్న బల్ల మీది స్విచ్చు మీద పడేది. తెరమీద నిండు గోదావరి ఫొటో, దాని మీద 'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న అక్షరాలు, వెనక సన్నాయి.

ఊరు దీన్ని మోసం అనుకోలేదు, మర్యాద అనుకుంది. పక్కింటి పిల్లాడు జారిపడితే మనం తల తిప్పుకుంటాం చూడండి, అలాంటిదే. పది తప్పినవాణ్ణి గురించి అడిగితే "మావోడికి బొమ్మ పడ్డది" అనేవాళ్లు. ఎంత మంచి కాలం! ఊరంతా ఒకేసారి ఒకే ఆట చూసి, ఒకేసారి ఒకే అబద్ధం నమ్మినట్టు నటించేది.

ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ల చేతిలో ఉంది. ఫోను లేనివాళ్ల ఇంటి మీద పెద్ద కంపెనీ డిష్ గొడుగు ఉంది. ఇన్నయ్య వైరును నమ్ముకుని మిగిలింది అడవిలోని రేగులగూడెం ఒక్కటే. అక్కడ ఫోనుకు సిగ్నల్ అందదు, గొడుగుకు డబ్బుల్లేవు. ఈ పంద్రాగస్టు ఫైనల్ చూపించి చానెల్ మూసేద్దామని ఇన్నయ్య తీర్మానించుకున్నాడు. ఈసారి ఫైనల్ ఆడపిల్లలది. జట్టుకు ప్రాణం శ్యామల అనే పిల్ల, ఒకప్పుడు ఊరు నెత్తిన పెట్టుకున్న ఆటగాడు బొజ్జయ్యకు మనవరాలు.

"మన చానెల్ల మనోళ్లు ఓడింది లేదు. గదే పేరుతోని మూస్త" అని ఇన్నయ్య కనబడినవాడికల్లా చెప్పాడు. ఆస్తులేమీ కూడబెట్టుకోలేదు పాపం, ఆ పేరే మిగిలింది.

ఫైనల్ ముందురోజు సంత. రేగులగూడెం నుంచి తెచ్చిన విస్తరాకుల కట్టలు అమ్ముకుని, బొజ్జయ్య భార్య ముత్తక్క డాబా మెట్లెక్కి వచ్చింది.

"రా అక్కా, కూసో. బొజ్జన్న ఎట్లున్నడు?"

"గట్లనే ఉన్నడు. ఎడమ పక్క లేస్తలేదు. మంచం టీవీ ముంగటికి జరిపిన." పక్షవాతం వచ్చిన మనిషిని వదిలి ఆమె గ్రౌండుకు రాలేదు. "పిల్ల ఆట నువ్వే చూపిస్తవంట గద?"

"అవ్. నాకు గదే ఆఖరు ఆట."

"ఒక్క మాట అడుగుదామని వచ్చిన తమ్మీ. రేపు గోదారి బొమ్మ ఎయ్యకు."

ఇన్నయ్యకు నవ్వొచ్చింది. రాదా మరి! రేగులగూడేనికి వైరు చేరిన మొదటి ఏడాది సంగతి అది. గూడెమంతటికీ ఒకటే టీవీ, దాని ముందు పిల్లా పీచూ అందరూ బొజ్జయ్య ఆట చూస్తున్నారు. బొజ్జయ్య గీత దాటి దొరికిపోయాడు, మీద అరడజను మంది పడ్డారు, ఇన్నయ్య అలవాటు చొప్పున బొమ్మ వేశాడు. బొమ్మ సంగతి గూడేనికేం తెలుసు? అక్షరాలు కూడబలుక్కునే లోపల కరెంటు కూడా పోయింది. అసలే వరదల నెల, ఆకాశం నిండా మబ్బు, గ్రౌండు ఉన్నదేమో గోదావరి ఒడ్డున. ఇప్పటిదాకా ఉన్న మనుషులు మాయమై తెరంతా నీళ్లే! ఏరు వచ్చి ఆటను ముంచేసిందనుకుని గూడెం గూడెమంతా మేకల్ని తోలుకుని, కోళ్లని చంకన పెట్టుకుని గుట్ట ఎక్కేసింది. ఈ కథ చెప్పుకుని వెంకన్నపేట ఏళ్ల తరబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఇన్నయ్యే.

"మీరు గుట్టెక్కిన ముచ్చట యాదికొస్తే ఇప్పటికీ నవ్వాగదు అక్కా."

"నేను గుట్టెక్కలే" అంది ముత్తక్క.

ఇన్నయ్య ఆమె ముఖంలోకి చూశాడు.

"అందరు గుట్ట దిక్కు ఉరికిన్రు. నేను నీళ్ల దిక్కు ఉరికిన. ఆయన్ను గోదారి తీస్కపోయిందనుకున్న. తొవ్వంత ఒకటే మొక్కు, పీనుగన్న దొరకాలె, పీనుగన్న దొరకాలె అని. ఈడికొచ్చి చూస్తె నీళ్లూ లెవ్వు, ఏం లెవ్వు. గట్టు మీద కూసోని ఓడిపోయినమని ఎక్కెక్కి ఏడుస్తున్నడు. మోకాలు ఇంత లావు వాచింది. గప్పుడు నాకెంత సంతోషమైందో తెల్సా? పకపక నవ్విన. మొగుడు ఓడితే నవ్వినవే అని ఇప్పటికీ అంటడు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఓడనీ తమ్మీ, పడనీ. పిల్లను నా కండ్ల ముంగటి నుంచి మాయం చెయ్యకు. గంతే."

"మనోళ్లే గెలుస్తరు తియ్" అని ఇన్నయ్య టీ తెప్పించాడు. ఆమె వెళ్లిపోయాక అసలు సంగతి తలకెక్కింది. తను ఊరి పరువు కాపాడాననుకున్న రోజున ఒక ఆడమనిషి అడవిదారిలో శవం కోసం పరిగెత్తింది. ఆ కథకు తను పొట్ట పట్టుకుని నవ్వాడు. సిగ్గేసింది. అయినా పేరు పేరే కదా, దాన్ని చేతులారా పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. పిల్లలు గెలిస్తే ఏ బాధా లేదు, గెలిపించు దేవా అని దండం పెట్టుకున్నాడు.

మర్నాడు దేవుడికి కల్లూరు వైపు కూడా పని ఉన్నట్టుంది. మొదట్లో మనవాళ్లే ముందున్నారు. ఇన్నయ్య గొంతు వినడానికే వచ్చిన పాతవాళ్లు ఈలలు వేశారు. కెమెరా పట్టిన వీరబాబు తన బొజ్జను కూడా మరిచి గీత వెంట పరుగులు తీశాడు. తీరా ఆట చివరికొచ్చేసరికి కల్లూరు పిల్లలు అందనంత ముందుకు వెళ్లిపోయారు. మన బరిలో శ్యామల ఒక్కతే మిగిలింది.

హోటలు ప్రభాకర్ వెనకనుంచి వంగి గుసగుసలాడాడు. "ఇన్నన్నా, ఇంకేం మిగిలింది? ఎయ్యి బొమ్మ. మూసేటప్పుడు గీ అపశకునమేంది?"

చెప్పేదేముంది, ఇన్నయ్య వేలు అప్పటికే స్విచ్చు మీద ఉంది. ఒక్క నొక్కు నొక్కితే పేరు దక్కుతుంది. రేగులగూడెంలో మంచం పక్కన కూర్చున్న ముత్తక్క ముందు మళ్లీ నీళ్లు నిలబడతాయి. అతను వేలు తీసి, చేతిని ఒళ్లో పెట్టుకుని, దాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

శ్యామల కూత పెట్టి గీత దాటింది. ఒకతె కాలు అందుకుంది, మరొకతె నడుము పట్టింది, అందరూ కలిసి మీద పడ్డారు. పిల్ల కనబడలేదు. విజిల్ మోగింది. కల్లూరు వాళ్లు ఎగిరి గంతేశారు.

ఇన్నయ్య మైకు దగ్గరికి లాక్కున్నాడు. ఓటమిని చెప్పడం అతనికి చేతకాదు, ఎన్నడూ చెప్పి ఎరగడు. మైకులో గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఏమైందోనని వీరబాబు వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు ఇన్నయ్య ఊరిని పక్కన పెట్టి, ఒక్క మనిషితో మాట్లాడాడు.

"ముత్తక్కా, ఓడినం. పిల్ల ఓడింది." గొంతు సవరించుకున్నాడు. "లేస్తున్నది. ఆఁ, లేచింది. కుంటుతలేదు, మంచిగనే నడుస్తున్నది. ఏడుస్తున్నది, ఏడవనీ. వీరబాబూ, దగ్గరికి పో, మొఖం చూపియ్యి. బొజ్జన్నా, చూస్తున్నవా? కల్లూరు పిల్ల ఒకతె వచ్చి భుజం మీద చెయ్యేసింది. ఇప్పుడు నీళ్లు తాగుతున్నది."

స్టేజీ మీద పెద్దలు పూలదండలు వేయించుకుని కెమెరా కోసం మెడలు చాచారు. వాళ్ల ముఖాలు ఎవరింట్లోనూ కనబడలేదు. కుర్చీలు తీసేస్తున్నారు, జనం పలచబడ్డారు, ఇన్నయ్య మాత్రం ఆపలేదు.

"జడల మన్ను దులుపుకుంటున్నది అక్కా. సంచి భుజానికేసుకుంది. ఆటో ఎక్కుతున్నది, డ్రైవర్ పక్కన కాదు, ఎనక సీట్ల కూసున్నది. నవ్వుతున్నది. ఎందుకో మరి, నవ్వుతున్నది."

ఆటో అడవిరోడ్డు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా వీరబాబు కెమెరా దించలేదు.

"ఇంటికే వస్తున్నది అక్కా" అన్నాడు ఇన్నయ్య. "పొయ్యి ఎలిగించు."