సబ్బక్క కట్టిన మూటలు

సబ్బక్క అంటే డాక్టర్లకే హడల్. మూట మీద ఎవరి చెయ్యి పడబోయినా "చేతులు కడుక్కున్నావా?" అని గయ్‌మంటుంది. ఎంత పెద్ద డాక్టరైనా నోరు మూసుకుని కుళాయి దగ్గరికి నడవాల్సిందే. ఊళ్లోని ఆవిరి గదిలో ఆపరేషన్ సామాన్లు కడిగి, రెండు పొరల గుడ్డలో చుట్టి, టేపు వేసి, ఆవిరి యంత్రంలో పెట్టడం ఆమె పని. టేపు మీద నల్లచారలు తేలాయంటే లోపల పురుగూ పుట్రా ఏదీ బతికి లేనట్టే. ఇక ఆ మూటను ఆపరేషన్ బల్ల దగ్గరే విప్పాలి. దారిలో గోరంత చిరిగినా పని మళ్లీ మొదటికొస్తుంది.

ఆ మూటల్ని ఊరి అవతలున్న ఆసుపత్రికి చేర్చే వ్యాను నడిపేది సబ్బక్క తమ్ముడి భార్య. సబ్బక్కకి మరదలు కాబట్టి అందరికీ మరదలే అయి కూర్చుంది. పళ్లూడిన వాచ్‌మన్ కూడా "ఏం మరదలా" అని పళ్లికిలించబోతాడు, పాపం పళ్లుంటేగా! రోజూ ఆమెతో చీవాట్లు తింటే గానీ అతనికి పొద్దు గడవదు.

ఇవాళ మాత్రం వాచ్‌మన్ పలకరింపు ఆమె చెవికెక్కలేదు. వ్యానులో ఉన్నవి సబ్బక్క ఆపరేషన్‌కి కావలసిన మూటలు. ఏళ్ల తరబడి నిలబడే పని చేసి సబ్బక్క తుంటి కీలు అరిగిపోయింది. నెలల తరబడి బతిమాలితే పరాయి ఊరి ఎముకల డాక్టరు ఒప్పుకున్నాడు. పొద్దున దిగాడు, సాయంత్రం రైలుకి వెళ్లిపోతాడు. నిన్న సబ్బక్క కుంటుకుంటూ వచ్చి, తన మూటలు తనే కట్టుకుంది. "ఇంకొకళ్లు కడితే నాకు మత్తు కూడా ఎక్కదే" అంది. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఇప్పుడు వార్డులో ఎదురుచూస్తోంది.

వంతెన దిగగానే ఎస్సై చెయ్యి అడ్డం పెట్టాడు.

"వెనక డోరు తియ్."

"ఆసుపత్రి సామాన్లు సార్. అక్కడ ఆపరేషన్‌కి అంతా రెడీగా ఉంది."

"తియ్యమన్నానా?"

తీసింది. మూడు మూటలు చూసి అతను కళ్లు చిన్నవి చేశాడు. "ఏముంది ఇందులో?"

"కత్తులు, సుత్తి, రంపం" అనేసింది. ఆవిరి గదిలో అందరూ అలాగే అంటారు, ఎముకల పనికి కావలసినవి అవే మరి. అన్నాక నాలుక కరుచుకుంది.

"కత్తులా! తెల్ల వ్యానులో ఏదో పోతోందని మాకు కబురుంది."

"ఊరి నిండా తెల్ల వ్యాన్లే కదా సార్! నా మీదే ఎందుకొచ్చింది అనుమానం?"

"అనుమానమొస్తే ఆపుతాం, వెతుకుతాం. చట్టం ఇచ్చిన అధికారం అది. నీకు సంజాయిషీ చెప్పుకోవాలా?"

"వెతకొద్దనట్లేదు. మీరే ఎక్కండి, పావుగంటలో ఆసుపత్రి. బల్ల దగ్గర విప్పుతారు, కళ్లారా చూడండి. ఇక్కడ విప్పితే అవి ఇంకెందుకూ పనికిరావు. మీ కాళ్లు పట్టుకుంటాను సార్."

"నాకే దారి చూపిస్తున్నావా?" అని అతను జేబులోంచి చాకు తీశాడు.

సబ్బక్క కట్టిన గుడ్డ పర్రుమంది. ఒకదానితో ఆగాడా, మూడూ చీల్చాడు. రంపాన్ని బొటనవేలితో రుద్ది చూశాడు. ఇనుప గిన్నెలో వేలు పెట్టి తిప్పాడు. అన్నీ చూసి చేతులు దులుపుకున్నాడు.

"ఏం లేదు. ఇక పో."

మరదలికి అరికాలి మంట నెత్తికెక్కింది. పోవాలట! ఎక్కడికి పోవాలి, ఏ మొహం పెట్టుకుని పోవాలి? వ్యాను ఎక్కి, స్టీరింగు తిప్పి, బండిని రోడ్డుకి అడ్డంగా నిలబెట్టి తాళం పీకేసింది.

"మీరే వచ్చి మా వదినకి చెప్పండి. అప్పటిదాకా ఇక్కణ్ణించి కదిలేదే లేదు."

"లోపలేయిస్తా, ఏమనుకుంటున్నావో!"

"వేయించండి. ముందు చెప్పి, తర్వాత వేయించండి."

వెనక హారన్లు మొదలయ్యాయి. దిగొచ్చి తిట్టినవాళ్లకల్లా ఆమె చిరిగిన మూటలు చూపించింది. చూసినవాళ్లు తిట్లు ఎస్సై వైపు మళ్లించారు. గొడవ విని జీపులో వచ్చిన సీఐ ఎస్సై మీదే విసుక్కున్నాడు. "ఆడమనిషితో నడిరోడ్డు మీద ఏంటయ్యా ఈ రభస? వెళ్లి ఏదో ఒకటి సర్దిచెప్పి రా."

వార్డులో ఎముకల డాక్టరు మూటల్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "మళ్లీ ఆవిరి పట్టి, మూటలు తడారేసరికి నా రైలు వెళ్లిపోతుంది. ఈసారి ఎప్పుడు రాగలనో చెప్పలేనమ్మా." ఆ మాట అని బ్యాగు సర్దుకున్నాడు.

ఎస్సై టోపీ తీసి మంచం దగ్గరికొచ్చాడు. "అమ్మా, మా డ్యూటీ మేం..."

సబ్బక్క అతని మొహం చూడలేదు. మరదలి చేతిలోని చిరిగిన గుడ్డను చూసింది, ఆ తర్వాత అతని చేతుల్ని చూసింది. ఇక పేల్చేస్తుంది చూడు, అనుకుంది మరదలు. వీడికి అలాంటిదే కావాలి, ఇంకా నాలుగు ఎక్కువే పడాలి.

"చేతులు కడుక్కున్నావా బాబూ?" సబ్బక్క గొంతులో అరుపు లేదు.

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "లేదమ్మా."

సబ్బక్క తుంటి పట్టుకుని, పళ్లు బిగబట్టి, మెల్లగా మరదలి వైపు తిరిగింది.

"కాసిని మంచినీళ్లియ్యవే. ఇక తాగొచ్చుగా."