తొమ్మిది మూళ్ళ ఊపిరి

ఆ ఉదయం ఆకాశం ఊపిరి పీల్చుకుంటోంది.

రాత్రంతా లిథువేనియా చిత్తడినేల మీద పడుకున్న పొగమంచును గుక్క గుక్కగా పైకి లాక్కుంటోంది. ముందు పైన్ చెట్ల కొనలు బయటపడ్డాయి. తర్వాత తేనెపెట్టెల కప్పులు. ఆ తర్వాత గడ్డివాము. తూర్పున, చెట్ల పైన, అరిగిపోయిన కొడవలిలా చంద్రుడు.

రేపు కనబడడు.

బాలిస్ గుమ్మంలో నిలబడి లోపలి ఊపిరి వింటున్నాడు.

లోపల మంచం మీద అతని తల్లి తెక్లే. ఎనభై మూడేళ్ళ మనిషి. పీలుస్తుంది... ఆగుతుంది... వదులుతుంది. ఆ ఆగడంలో గోడగడియారం తొమ్మిదిసార్లు టిక్కుమంటుంది. ఒక్కోసారి పది.

జిల్లా ఆసుపత్రి డాక్టరు వారం అన్నాడు. ఆ మాట అని నాలుగు వారాలైంది.

ఆమె పోవడం లేదు. పోలేకపోతోంది.

ఎందుకో ఊరందరికీ తెలుసు.

ఆమె దగ్గర ఒక లెక్క ఉంది. అది ఇంకొకరి చేతిలో పెట్టందే ఆ ప్రాణం కదలదు.

తొమ్మిది నుంచి ఒకటికి దిగాలి. మళ్ళీ తొమ్మిది నుంచి ఒకటికి. మళ్ళీ. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. అంతా ఒక్క ఊపిరిలో. పెదవి కదలాలి గానీ మాట పక్కవాడికి వినబడకూడదు. నడుమ ఊపిరి తెగితే లెక్క తెగినట్టే. తీసుకునేవాళ్ళు ఆమె ఎదుట అలా అప్పజెప్పితేనే అది చేతులు మారినట్టు.

చిత్తడిలో పళ్ళు ఏరుకునేవాళ్ళ మడమ మీద పింజర కాటేస్తే తెక్లే గుమ్మం ముందుకే పరిగెత్తుకొచ్చేవారు. సూదిమందు ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో ఉంది. "ముందు బండి పిలవండి, ఏడుపు తర్వాత!" అని ఆమే కసురుకునేది. అయినా బండి వచ్చేదాకా ఆమె ఎదుటే కూర్చునేవారు. ఆమె పెదవులు కదిలేవి. విషం దిగేదో లేదో దేవుడికెరుక. భయం మాత్రం దిగేది. మెట్టు మెట్టుగా... తొమ్మిది, ఎనిమిది, ఏడు...

ఆ లెక్క ఇంట్లో మొదటి బిడ్డకి ఇవ్వాలి. లేదా చివరి బిడ్డకి. నడిమివాళ్ళకి ఇస్తే నీళ్ళలో ఉప్పు వేసినట్టే.

మొదటి బిడ్డ బార్బొరాను సిపాయిలు వచ్చి రైలెక్కించి సైబీరియాకి పంపారు. తిరిగి రాలేదు.

చివరి బిడ్డ బాలిస్. నలభై ఆరేళ్ళు.

నత్తి.

"ముత్యాలు రాలిపోతాయనా ఆ నోరు అలా కట్టేసుకున్నావు?" అంది అతని భార్య మార్సెలే, పాలబాల్చీ గడప మీద దించుతూ. "ఆ లెక్కేదో నాకిచ్చి ఉంటే పాలు పొంగేలోపు మూడుసార్లు అప్పజెప్పేదాన్ని."

"నువ్వు క... క... కోడలివి."

"అవునులే. మంచం ఎత్తడానికి పనికొస్తాను. మంత్రానికి పనికిరాను."

మంచం మీంచి సన్నగా గొంతు వచ్చింది.

"దానికి ఊపిరి మిగలొద్దూ? ఉన్నదంతా నోటికే ఖర్చు."

మార్సెలే నవ్వాపుకోలేకపోయింది. నవ్వుతూనే తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది.

బాలిస్ బాల్చీ అందుకున్నాడు. దాని అంచు చుట్టూ రేకుని పట్టి ఉంచిన మేకులు అరచేతికి తగిలాయి. పద్దెనిమిది. తన చిన్నప్పుడు చేసిచ్చిన బాల్చీ. చేసినవాడు యూదుల వీధిలోని రేకు పనివాడు గెర్షోన్. పన్నెండు మేకులు చాలు కదా అని తండ్రి అడిగితే గెర్షోన్ నోట్లో మేకులు పెట్టుకునే నవ్వాడు. "మా అక్షరాలే మా అంకెలు. పద్దెనిమిదని రాస్తే బతుకు అని చదువుతామయ్యా. బాల్చీ కూడా బతకాలిగా."

యుద్ధం వచ్చిన వేసవిలో, ఒక్క రోజున, ఆ వీధి ఖాళీ అయిపోయింది.

బాల్చీ ఉంది.

*

లెక్క అతనికి కొత్త కాదు. లెక్కే అతనికి మాట్లాడటం నేర్పింది... నోటితో కాదు.

బళ్ళో ఎక్కాలు అప్పజెప్పమంటే నాలుక రాయయ్యేది. పిల్లలు నవ్వేవారు. పంతులు విసిగి, పలక చేతికిచ్చి, రాయి పొమ్మన్నాడు. బాలిస్ తొమ్మిదో ఎక్కం రాశాడు. రాసి, ఇక కదల్లేదు.

పద్దెనిమిది. ఇరవై ఏడు. ముప్పై ఆరు. నలభై ఐదు.

ఎడమ పక్క అంకెలు ఎక్కుతున్నాయి. కుడి పక్క అంకెలు దిగుతున్నాయి. ఏ జంటను కలిపినా తొమ్మిదే. నలభై ఐదు దగ్గర ఎవరో నీళ్ళు పోసినట్టు, అవే అంకెలు నీడలా తిరగబడ్డాయి. యాభై నాలుగు. అరవై మూడు. డెబ్బై రెండు.

ఎంత దూరం పంపినా ఇంటికి తిరిగొచ్చే అంకె.

ఆ సాయంత్రం తల్లికి పలక చూపించాడు. ఆమె చదువుకోలేదు. పలక వంక చూసి, ఆకాశం వంక చూసింది. లిథువేనియా పల్లెల్లో చంద్రుడు మగవాడు, సూర్యుడే ఆడది. "వాడూ అంతేరా," అంది. "ఒక చుక్క పక్క నుంచి బయల్దేరతాడు. రాత్రికో చోట తలదాచుకుంటాడు. ఇరవై ఏడు రాత్రులు తిరిగి మళ్ళీ ఆ చుక్క పక్కకే వస్తాడు. ఎవడు నేర్పాడు వాడికి?"

ఎవడు నేర్పాడు?

ఆ ప్రశ్న బాలిస్ ఒంట్లో నలభై ఏళ్ళుగా ఉంది. తేనెపట్టులో తేనెలాగ... కదలకుండా, చిక్కబడుతూ.

*

ఆ ఉదయం మళ్ళీ మంచం పక్కన కూర్చున్నాడు. మళ్ళీ ఛాతీ నిండా పీల్చాడు.

మొదటి తొమ్మిది దిగాడు. రెండో తొమ్మిది ఎక్కాడు. ఎనిమిది. ఏడు. ఆరు.

అక్కడ ఆగిపోయాడు.

ప్రతిరోజూ అక్కడే. రెండో వరసలో ఐదు. మొత్తం మీద పద్నాలుగోది. వినబడని మాటకీ నత్తి ఉంటుంది. గొంతులో ఒక తలుపు ధన్‌మని మూసుకుంటుంది. వెనకాల ఊపిరి తోసుకుంటుంది, దవడ వణుకుతుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి... ఊపిరి తెగుతుంది.

తెక్లే కళ్ళు తెరిచి చూసింది. కోపం లేదు. అదే అతనికి భరించరానిది.

"తెక్లే అక్కా! ఇంకా ఇక్కడే ఉన్నావా?" అంటూ సులేమాన్ లోపలికొచ్చాడు. పక్కింటి తాతారు ముసలాయన. ఆరువందల ఏళ్ళ కిందట గుర్రాల మీద వచ్చిన రౌతుల వంశంవాడు. "ఏంటి సంగతి? నీ దేవుడూ నా దేవుడూ నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని వంతులు వేసుకుంటున్నారా?"

"నువ్వు... ముందు పోతే," అంది తెక్లే ఆగి ఆగి, "దారి... అడుగుదామని."

సులేమాన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి జపమాల తీశాడు. ముప్పై మూడు పూసలు. మూడుసార్లు తిప్పుతాడు. తొంభై తొమ్మిది. బాలిస్ ఆ పూసల వంకే చూస్తున్నాడు. తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. మళ్ళీ ఇంటికే.

ఊరి చర్చిలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే తొమ్మిది రోజుల ప్రార్థన. సులేమాన్ వేళ్ళ మధ్య తొంభై తొమ్మిది. గెర్షోన్ బాల్చీకి పద్దెనిమిది. తల్లి పెదవుల మీద ఇరవై ఏడు. ఒకరి గుడిలోకి ఒకరు పోరు. ఒకరి పండగ ఒకరు చెయ్యరు. కానీ లెక్కపెట్టుకుంటూ అందరూ ఒకే గుమ్మం ముందుకి వచ్చి నిలబడ్డారు...

బాలిస్ పూసల మీంచి తలెత్తాడు.

"మామా," అన్నాడు. "తొం... తొంభై తొమ్మిదేనా? నూ... నూరోది?"

"దేవుడి పేర్లురా ఇవి. నూరోది ఎవరూ పలకరంటారు మావాళ్ళు."

"అ... అది లేకపోతే లెక్క?"

"లేదని ఎవరన్నార్రా?" సులేమాన్ పూస జరిపాడు. "పలకరు. అంతే."

*

బాలిస్ పెరట్లోకి వెళ్ళాడు. చేతులకి పని కావాలి.

చిత్తడిలో కోసి ఎండబెట్టిన, పొయ్యిలో కట్టెలా మండే మట్టి దిమ్మలు గోడ వారన కుప్పగా పడి ఉన్నాయి. చలికాలానికి పేర్చాలి. అతని పేర్పు ఎప్పుడూ ఒకటే. అడ్డంగా మూడు, నిలువుగా మూడు, ఎత్తుగా మూడు. చేతులు పేరుస్తుంటే లోపల ఎవరో లెక్కపెడుతుంటారు. అక్కడ నత్తి లేదు.

కింది వరస తొమ్మిది.

రెండో వరస. పది... పదకొండు... పన్నెండు... పదమూడు...

పద్నాలుగోది చేతిలో ఉంది.

దాని చోటు నట్టనడుమ. అన్ని వైపులా దిమ్మలే. కింద ఒకటి. పైన రాబోయేది ఒకటి.

దాన్ని పెట్టాడు. రెండో వరస నిండింది. పై వరస పేర్చాడు. వెనక్కి జరిగి చూశాడు.

పేర్పును ఎటు నుంచి చూసినా, చేతుల్లో పెట్టుకుని తిప్పి చూడగలిగినా, ఇరవై ఆరే కనబడతాయి. ఒకటి కనబడదు. అది లేకపోతే గుల్ల. అది ఉందని పేర్చినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

నలభై ఆరేళ్ళలో ఇలాంటి పేర్పులు ఎన్ని పేర్చాడో. ఏనాడూ చూడలేదు.

గొంతులో మూసుకునే తలుపు... అది తలుపేనా?

లేక ఎవరైనా అక్కడ ఒక దిమ్మ పెట్టి, పైన కప్పేశారా?

గాలి లేదు. తేనెటీగలు లేవు. పైన్ చెట్లు కదలడం లేదు. బాలిస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో తెలియదు. చర్చిలో తప్ప తియ్యడు.

వెనక అడుగుల చప్పుడైంది. మార్సెలే వచ్చి నిలబడింది. నోరు తెరిచింది.

మాట రాలేదు.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో మార్సెలేకి మాట రాకపోవడం అదే మొదటిసారి. బాలిస్ పరిగెత్తాడు.

*

తెక్లే కళ్ళు తెరిచే ఉన్నాయి. కిటికీలోంచి మధ్యాహ్నపు వెలుగు దుప్పటి మీద పడింది. సులేమాన్ లేచి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

బాలిస్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె పీల్చింది. చాలాసేపు... పొలాల అవతలి నుంచి లాగినట్టు... పీల్చింది. ఆగింది.

పెదవులు కదిలాయి. "అను" అన్నట్టు.

బాలిస్ పీల్చబోయాడు. ఛాతీ తెరుచుకోలేదు. ఒక్క చుక్క గాలి లేదు లోపల. నలభై ఆరేళ్ళుగా ఏ క్షణానికి భయపడ్డాడో ఆ క్షణంలో ఊపిరే లేదు.

ఆమె వదలడం మొదలుపెట్టింది. సన్నగా. దారం వదిలినట్టు.

ఒక్క ఊపిరిలో అనాలి అన్నారు.

ఎవరి ఊపిరో ఎవరూ చెప్పలేదు.

తన దగ్గర లేనప్పుడు ఆమె వదులుతున్న ఊపిరి మీదే మొదటి అంకెను పెట్టాడు. తొమ్మిది. అది నిలబడింది. ఎనిమిది. ఏడు. పెదవులు కదులుతున్నాయి... అవి తనవో ఆమెవో... ఆరు. ఐదు. నాలుగు. దారం సాగుతోంది. మూడు. రెండు. ఒకటి.

మళ్ళీ తొమ్మిది. ఎక్కాడు.

ఎనిమిది.

ఏడు.

ఆరు.

తలుపు మూసుకుంది.

తొయ్యలేదు. ఈసారి తొయ్యలేదు. ఒక దిమ్మని రెండు చేతులా పట్టుకుని చోట్లో పెట్టినంతసేపు ఊరుకున్నాడు. ఆమె ఊపిరి మాత్రం సాగుతూనే ఉంది. ఆ చీకటి చోటు మీదుగా, దాన్ని తాకుతూ, దాన్ని కప్పుతూ.

నాలుగు.

మూడు. రెండు. ఒకటి.

మూడో తొమ్మిది ఎక్కడం కాదు. దిగడమే. కొండ మీంచి నీళ్ళు దిగినట్టు. తొమ్మిది ఎనిమిది ఏడు ఆరు ఐదు నాలుగు మూడు...

రెండు...

ఒకటి.

గడియారం టిక్కుమంటోంది. తొమ్మిది. పది. పదకొండు. బాలిస్ వింటున్నాడు. పన్నెండు. ఇరవై.

ఊపిరి తిరిగి రాలేదు.

అది రెండు దగ్గర అయిపోయిందా, ఒకటి దగ్గరా? పద్నాలుగోది పలికాడా, లేదా? చేతిలో ఆమె చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది. అడగడానికి ఆమె లేదు.

సులేమాన్ వేళ్ళ మధ్య పూస ఆగింది. మార్సెలే మొగుడి మొహంలోకి చూసింది. అడగాలని ఆమె కళ్ళ నిండా ఉంది. వెళ్ళి కిటికీ రెక్కలు తెరిచింది. పోయే ప్రాణానికి దారి. తిరిగొచ్చి గడియారం లోలకాన్ని వేలితో ఆపింది.

తెక్లే కళ్ళు మూశారు. చేతులు కలిపారు. జడ సవరించారు. ఊళ్ళోకి కబురు పంపాలి, పాదిరీని పిలవాలి, శవపేటికకి బల్లలు చూడాలి. అన్నీ ఉన్నాయి.

ముందు మార్సెలే పొయ్యి మీంచి కుండ దించింది. బల్ల మీద పెట్టింది. ఉడికిన బంగాళాదుంపలు. గిన్నెలో పులిసిన పాలు. నల్ల రొట్టె. సులేమాన్ వెళ్ళబోతే స్టూలు అతని వైపు జరిపింది. అతను కూర్చున్నాడు.

బాలిస్ రొట్టె కోశాడు. ఎన్ని ముక్కలో చూసుకోలేదు.

ముగ్గురూ తిన్నారు. దుంప తొక్క వేళ్ళకి కాలింది. పాలు పుల్లగా, చల్లగా గొంతు దిగాయి. కుండలోంచి ఆవిరి నెమ్మదిగా, గుక్క గుక్కగా, పైకి లేస్తోంది. తెరిచిన కిటికీ దాన్ని లాక్కుంటోంది...