తుమ్ముల మంత్రగత్తె

రొయ్యలు ఒలుస్తున్న గౌరీశ్వరి పక్కన సన్యాసిరాజు ఒక పుస్తకం పడేశాడు.

"ఇది సదివి, ఎక్కడెక్కడ సెత్తుందో పెన్సిల్‌తో గీతలు గియ్యి. ఆదివారం కాలనీ మీటింగులో నాను మాటాడాల. మూడు పేజీలు ఘాటుగా రాసియ్యి," అన్నాడు.

చేతులు కడుక్కుని వచ్చి ఆమె పుస్తకం తిప్పి చూసింది. ఇంగ్లీషు నవల. అట్ట మీద ఇద్దరమ్మాయిలు. ఒకతె నెత్తిన కోసు టోపీ, ముక్కు మీద ఎర్రరంగు. ఇంకొకతె ఒంటి నిండా ఇనప కవచం. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉన్నారు. పేరు 'మంత్రగత్తెకు జలుబు చేసింది' అని అర్థం వచ్చేలా ఉంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు కీర్తన, సీతమ్మధారలోని తమ కాలనీ కమ్యూనిటీ హాలు పక్క గదిలో నడిచే లైబ్రరీ నుంచి తెచ్చుకుంది. ఆ లైబ్రరీని చంద్రిక అనే అమ్మాయి రోజూ సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచుతుంది. దాన్ని మూయించాలని సన్యాసిరాజు పట్టుదల.

ఆయన పోర్టులో ఉద్యోగి, కాలనీ సంఘానికి కార్యదర్శి, చుట్టుపక్కల మంచి వక్త అని పేరు. పదవీ విరమణ సభైనా, సంతాప సభైనా, జెండా పండగైనా మైకు ముందు ఆయనుండాల్సిందే. ఆ మాటలన్నీ గౌరీశ్వరివి. యూనివర్సిటీలో తెలుగు ఎమ్మే ఫస్ట్ క్లాసులో పాసై, దువ్వాడలో ఒక కాలేజీలో ఎనిమిది నెలలు పాఠాలు చెప్పింది. పెళ్లయ్యాక, "అంత దూరం బస్సుల్లో ఏలాడుకుంటా ఎందుకు? ఇంటికాడ కూకుని నాకు రాసియ్యి, అదీ ఉద్యోగమే" అని ఆయన నవ్వాడు. అలా ఇరవై ఒక్క ఏళ్లుగా రాస్తోంది. ఆయన ముందుగా ఒక్కసారైనా చదువుకోడు. "నా నాలిక మీద సరస్వతుంది" అంటూ వేదికెక్కి కాగితం విప్పుతాడు. మధ్యలో తడబడితే మొదటి వరసలో కూచున్న ఆమె పెదాలు కదిపి మాట అందిస్తుంది. సభయ్యాక నలుగురూ ఇంటికొస్తే ఆమె టీ కప్పులు అందిస్తుంటే, "మా ఆవిడకి నలుగురిలో నోరు పెగల్దు. ఆ నోరు కూడా దేవుడు నాకే ఇచ్చీసినాడు" అంటాడు. వాళ్లు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. ఆ నవ్వు నవ్వీ నవ్వీ, అసలు నవ్వు ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయింది.

సోమవారం మధ్యాహ్నం పెన్సిల్ చెక్కుకుని కూర్చుంది. మొదటి పదిపేజీలూ ఫోనులో అర్థాలు వెతుక్కుంటూ చదివింది. తరవాత వెతకడం మానేసింది. కథలో మంత్రగత్తె దగ్గర మంత్రాలు నేర్చుకుంటున్న పిల్లకు జలుబు. తుమ్మినప్పుడల్లా నోట్లోంచి ఏదో ఒక మంత్రం జారిపోతుంది. అనుమతి లేకుండా మంత్రం వేసిన నేరానికి ఆమెను పట్టుకురమ్మని రాజు ఒక వీరవనితను పంపిస్తాడు. వీరవనిత వచ్చి ఎదురుగా నిలబడి కత్తి దూస్తుంది. ఈ పిల్ల తుమ్ముతుంది. కత్తి కాస్తా మునక్కాడంత పొడుగు పూలకొమ్మ అయిపోతుంది. ఆ వీరవనిత ఎంత ముక్కుసూటి మనిషంటే, కొమ్మనే గురిపెట్టి "లొంగిపో" అంటుంది.

గౌరీశ్వరి గట్టిగా నవ్వేసింది. పక్కగదిలో పడుకున్న అత్తగారు గురువమ్మ లేచి వచ్చింది.

"ఏటే కోడలా, ఒక్కదానివే నవ్వుతన్నావ్?"

గౌరీశ్వరి కథ చెప్పింది. మంచం పట్టె మీద కూర్చుని గురువమ్మ చెవి ఒగ్గి వింది.

"అయితే ఆలిద్దరూ ఇష్టపడ్డారంటావు."

"అవునత్తా."

"ఇద్దరూ ఆడపిల్లలే."

"అవునత్తా."

గురువమ్మ చాలాసేపు ఆలోచించింది. "మరి వంటెవులు సేత్తారే?"

"పొయ్యే చేస్తుందత్తా. ఆ పొయ్యికి ప్రాణముంది. తిన్నాక బాగుందని చెప్పకపోతే మర్నాడు వెలగదు."

"ఓలమ్మో!" అంది గురువమ్మ. "అలాటి ఇల్లు కూడా ఉంటాదేటి." దగ్గరికి జరిగి, "అప్పుడేటైంది, సెప్పు," అంది.

మంగళవారం సాయంత్రానికి పుస్తకం అయిపోయింది. ఒక్క గీతా గియ్యలేదు. ఆ కథలో తనను అంతగా పట్టేసిందేమిటా అని చపాతీలు ఒత్తుతూ ఆలోచించింది. తను చదువుకున్న కథల్లో, పాఠం చెప్పిన కథల్లో ప్రేమించిన ఆడపిల్ల కుమిలిపోయేది, పిచ్చిదయ్యేది, నూతిలో దూకేది. ఓర్చుకున్నదాన్ని అందరూ మెచ్చుకునేవారు. ఆడపిల్లను ఇష్టపడ్డ ఆడపిల్లయితే కథలోకే వచ్చేది కాదు. ఇక్కడ ఎవరూ చచ్చిపోలేదు. ఆ రాజ్యంలో ఇద్దరమ్మాయిలు ప్రేమించుకోవడం వింత కాదు, అంత జలుబు పెట్టుకుని మందు వేసుకోకపోవడమే వింత. ఎవరూ ఎవరినీ క్షమించమని అడగరు. పోట్లాడుకుంటారు, అలుగుతారు, తప్పు మంత్రాలు వేస్తారు, చివరికి ఊరంతా భోజనాలు చేస్తుంది. అంతే. ఆ అంతే అన్నది తన చిన్నప్పుడు ఎవరైనా రాసి చేతికిచ్చి ఉంటే? హాస్టల్లో జ్యోతిర్మయి ఉండేది. బీచిలో నడిచినప్పుడల్లా గౌరీశ్వరి మణికట్టు పట్టుకునే నడిచేది. ఇద్దరం ఒకే ఊళ్లో ఉద్యోగాలు చూసుకుందామనేది. గౌరీశ్వరి పెళ్లి శుభలేఖ చూసి మూడురోజులు అన్నం తినలేదు. గౌరీశ్వరి కూడా తినలేదు. దాన్ని స్నేహం అనుకుంది, ఎందుకంటే తన దగ్గర ఇంకో మాట లేదు. ఎమ్మే తెలుగు చదివి కూడా లేదు.

పేజీల అంచుల్లో పిల్లల రాతలున్నాయి. ఒకటి కీర్తన దస్తూరి, రెండోది ఆమె క్లాసుమేటు దేవిశ్రీది. ఆఖరి పేజీలో దేవిశ్రీ, "మనకీ ఇలాగే అవుద్దా?" అని రాసింది. కింద కీర్తన, "అవ్వకపోతే నేను తుమ్ముతా" అని రాసింది. గౌరీశ్వరి రబ్బరు తెచ్చుకుని ఆ రెండు వాక్యాల మీద పెట్టింది. చెరిపెయ్యాలి. ఆయన చూస్తే కొంప మునుగుతుంది. కానీ చెయ్యి కదల్లేదు. ఇంత సంతోషంగా రాసుకున్నదాన్ని చెరిపే హక్కు తనకెక్కడిదనిపించింది. పుస్తకం బట్టల అలమరలో చీరల కింద పెట్టింది.

బుధవారం ఆయన చొక్కా వెతుక్కుంటూ చీరలు లాగేశాడు. పుస్తకం కిందపడింది. కథ చదవలేదు గానీ ఆఖరి పేజీ చదివాడు.

కీర్తనను హాల్లోకి పిలిచాడు. ఆమె ఫోను లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు.

"నీ సేత్తోనే సింపు."

"నాన్నా, అది లైబ్రరీది..."

"సింపమన్నాను. ఒక్కో పేజీ. నాను సూత్తుండగా."

రెండు వందల ఎనభై పేజీలు. మొదట్లో కీర్తన ఏడ్చింది. యాభయ్యో పేజీ దగ్గర ఏడుపు ఆగిపోయింది. ఆ తరవాత గదిలో చర్‌మన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. గౌరీశ్వరి వంటింటి గుమ్మంలో గరిట పట్టుకుని నిలబడింది. ఆపండి అనాలి. ఊళ్లో ఏ సభకైనా క్షణంలో మాటలు అల్లే మనిషి, ఆ ఒక్క మాట కోసం తడుముకుంటూ నిలబడిపోయింది. ఆఖరి పేజీ చింపాక కీర్తన తలెత్తి తండ్రి వైపు కాదు, తల్లి వైపు చూసింది.

"నువ్వు చూస్తూ నిలబడ్డావమ్మా," అంది.

సన్యాసిరాజు చెప్పులేసుకుంటూ తీర్మానం చెప్పేశాడు. సోమవారం కీర్తనను రాజమండ్రి హాస్టల్లో పడెయ్యాలి. లైబ్రరీకి ఆదివారంతో తాళం. "ఆ సంద్రిక మళ్లీ కాలనీలో తలెత్తుకు తిరక్కూడదు. బాగా రాయి. ఎక్కడ కొడితే ఎక్కువ నొప్పెడతాదో ఆడోళ్లకే తెలుస్తాది."

ఆ మాట గౌరీశ్వరిలోకి దిగి అక్కడే ఉండిపోయింది. రెండురోజులు ఆమె అంట్లు తోమింది, బట్టలు మడతపెట్టింది, ఆయనకు బాక్సు కట్టింది. లోపల కోపం కాగుతున్న నూనెలా పొంగు లేకుండా, చప్పుడు లేకుండా వేడెక్కుతూనే ఉంది. ఎక్కడ కొడితే నొప్పెడుతుంది? తను అరిస్తే ఆయనకు నొప్పెట్టదు, ఇల్లు వదిలి వెళ్తే నాలుగురోజులు జాలి దొరుకుతుంది. ఆయన ప్రాణం ఇంట్లో లేదు. మైకు ముందుంది. ఆ నాలుక ఎంత వేగంగా పోతుందో, దాని వెనక బుర్ర ఎన్ని వాక్యాలు ఆలస్యంగా వస్తుందో ఈ భూమ్మీద ఆమె ఒక్కదానికే తెలుసు. మూడు వాక్యాలు. చప్పట్లు పడితే నాలుగు.

శనివారం మధ్యాహ్నం మూడు పేజీలు రాసింది. ఇన్నేళ్లలో రాస్తున్నప్పుడు అంత హాయి ఎప్పుడూ కలగలేదు. తీసుకెళ్లి కీర్తనకిచ్చింది. కూతురు గోడ వైపు తిరిగి చదివింది.

"దేవి పేరు లేదు కదా?"

"లేదు. మీ రాతల సంగతీ లేదు. నువ్వొద్దంటే ఇదీ చింపేస్తాను."

కీర్తన ఒక వాక్యం మీద వేలు పెట్టి, "ఇక్కడ 'ఏడుస్తున్న' అన్నది తీసెయ్. నేను తరవాత ఏడవలేదు," అంది. గౌరీశ్వరి కొట్టేసింది.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. చంద్రిక వెనక వరసలో తలొంచుకుని కూర్చుంది. గురువమ్మ కోడలి పక్కన కూర్చుంది. సంఘం అధ్యక్షుడు కామరాజు నాలుగు ముక్కలు చెప్పి, మైకు తను వరసకు బావా అని పిలిచే సన్యాసిరాజుకిచ్చాడు. ఆయన కాగితాలు విప్పాడు.

మొదటి పేజీ ఆయన కోరుకున్నట్టే ఉంది. పిల్లలేం చదువుతున్నారో పెద్దలకు తెలియాలి, చదవకుండా తీర్పు చెప్పడం తప్పు కనుక కథ వినండి. చప్పట్లు పడ్డాయి. రెండో పేజీలో తుమ్ములు, పూలకొమ్మ. పిల్లలు నవ్వారు, తల్లులు నవ్వారు. నవ్వులు వినపడేసరికి ఆయన ఛాతీ విరుచుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే అభినయం మొదలెట్టాడు.

"ఈ కథలో ఒక రాజున్నాడు. అమ్మాయి తుమ్మిన దగ్గర్నుంచీ ఆయనకు ఒక శాపం. ఎప్పుడు ఎవరిని గద్దించబోయినా నోట్లోంచి కోడికూత వస్తుంది. అయినా సభ పెడతాడు. అయినా గద్దిస్తాడు."

కోడికూత కూడా కూసి చూపించాడు. హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా గురువమ్మ నవ్వింది. ఆయన పేజీ తిప్పాడు.

"ఈ రాజు గురించి చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే మొన్న బుధవారం మా ఇంట్లో ఒక రాజు కూశాడు. పదిహేడేళ్ల కూతురి చేత, ఆమె ప్రాణంగా చదువుకున్న పుస్తకాన్ని ఆమె చేతులతోనే చింపించాడు. ఆ రాజు ఆ కథలో ఒక్క వాక్యం కూడా చదవలేదు. ఈ ఉపన్యాసాన్ని కూడా ఇప్పుడే మొదటిసారి..."

గొంతు ఆగిపోయింది. కళ్లు కాగితం మీదే ఉన్నాయి. పెదాలు తెరుచుకునే ఉన్నాయి. తలెత్తి మొదటి వరసలోకి చూశాడు. మాట కోసం. ఇరవై ఒక్క ఏళ్ల అలవాటు.

గౌరీశ్వరి పెదాలు బిగించి ఆయన కళ్లలోకి చూసింది.

"ఏటైంది బావా, కళ్లజోడు మర్సిపోనావా?" అంటూ కామరాజు లేచి, ఆప్యాయంగా కాగితం అందుకుని మైకులో చదివేశాడు. "ఇప్పుడే మొదటిసారి చదువుతున్నాడు. ఇన్నేళ్లుగా ఈ కాలనీ విన్న ప్రతి ఉపన్యాసంలాగే, దీన్ని కూడా ఆయన భార్య గౌరీశ్వరి రాసింది."

చదివాక కామరాజుకు అర్థమైంది. కాగితం వేడిగా ఉన్నట్టు బల్ల మీద పెట్టేశాడు. ఎవరో పిల్లాడు కోడికూత కూశాడు. వెనక ఒకావిడ చప్పట్లు కొట్టింది. అది తప్పేమో అని ఆగింది. ఆగాక ఇంకో ఇద్దరు కొట్టారు. సన్యాసిరాజు ఏదైనా అంటే సరిపోయేది. కోప్పడినా, నవ్వేసినా, అబద్ధమన్నా. ఆయన దగ్గర ఒక్క మాట లేదు. మైకులో ఆయన ఊపిరి మాత్రం హాలంతా వినపడింది. లైబ్రరీ మూసివేత సంగతి ఎవరూ ఎత్తలేదు. కామరాజు టీలు తెమ్మన్నాడు.

ఇంటికొచ్చాక ఆయన అరిచాడు. "నలుగురిలో నా పరువు తీసీసినావు!"

"తెచ్చిపెట్టింది నేనే కదండీ," అంది గౌరీశ్వరి.

ఆయన మళ్లీ నోరు తెరిచేలోపు గురువమ్మ అందుకుంది. "పిల్లెక్కడికీ ఎల్లదు. హాస్టలంటే నాను కూడా దానెనకాలే పోతాను. దాని ఫోను దానికిచ్చీరా."

ఆయన ఇచ్చేశాడు. తరవాత అయిదురోజులు గౌరీశ్వరితో మాట్లాడలేదు. కీర్తన ఆయనున్న గదిలోకి రావడం మానేసింది. ఆయన భోజనానికి కూర్చుంటే కంచం పట్టుకుని లేచిపోయేది. అరిస్తే భయపడేది కాదు, పిలిస్తే పలికేది కాదు. ఆయన ముఖంలో మొదటిసారి గౌరీశ్వరికి భయం కనిపించింది. చూసి జాలిపడలేదు.

శనివారం సాయంత్రం ఆమె తల దువ్వుకుంటోంది. అయిదింటికి లైబ్రరీలో పిల్లలకు ఆ మంత్రగత్తె కథ మొత్తం తెలుగులో నిలబడి చెప్తానని చంద్రికకు మాటిచ్చింది. సన్యాసిరాజు తెల్లకాగితం, పెన్ను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పిల్ల నాతో మాటాడ్డం నేదు," అన్నాడు.

"చూస్తున్నాను."

"తప్పైపోనాదని సెబుదావనుకుంటన్నాను. ఎలా మొదలెట్టాలో తెలీటం నేదు." కాగితం ముందుకు చాపాడు. "ఓ నాలుగు ముక్కలు రాసియ్యి."

ఆమె కాగితం వైపు చూసింది. జడకు రబ్బరుబ్యాండు వేసుకుంది.

"నా మాటలు ఇప్పుడు నాకు కావాలండి," అంది.

చెప్పులేసుకుని మెట్లు దిగబోతూ ఆగి, వెనక్కి తిరిగి చూసింది. ఆయన కాగితం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది, మాట రావడం లేదు. ఆ ముఖం చూడ్డానికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది కనక, ఆమె తొందరపడకుండా, తనివితీరా చూసుకుని మెట్లు దిగింది.