వెనక నుంచి వేసిన రంగు

కుమారి పిన్ని హైదరాబాదులో పరిశోధన మధ్యలో ఆపి, కిడ్నీ జబ్బుతో భట్టిప్రోలులో మా ఇంటికి వచ్చింది. అది 1997 వేసవి. నా పదో తరగతి పరీక్షలు అప్పుడే అయ్యాయి.

వెంట పెట్టెడు కాగితాలు తెచ్చింది. ప్రతి కాగితం నిండా ఎ, సి, జి, టి, డి.ఎన్.ఎ.ని రాసే ఆ నాలుగు అక్షరాలే.

"జన్యువు ఎక్కడుందో పైకి కనపడదే. అక్షరాలే కనపడతాయి. వాటి వరస చూసి వెనకాల ఏముందో లెక్క కట్టాలి. కంప్యూటరు కట్టిన లెక్క సరిపోయిందో లేదో మనం చూస్తాం," అంది.

జన్యువు ఉన్నచోట ఎర్ర పెన్సిలు, మిగతాచోట నీలం పెన్సిలు వెయ్యాలి. నేను చదివినంతవరకు గబగబా రంగు వేస్తుంటే నవ్వింది.

"ఏంటే ఆ తొందర? కంప్యూటరుకున్న ఓపిక కూడా లేదు నీకు. అది చివరి అక్షరం దాకా వెళ్లి, అక్కణ్ణించి వెనక్కొస్తూ తేలుస్తుంది."

వాపు ఎక్కువైతే ఆ రోజే తీసుకురమ్మని తెనాలి డాక్టరుగారు చెప్పారు. అమ్మ ఉద్యోగం బాపట్లలో. అందుకని పగలంతా పిన్నిని చూసేది నేనే. చూసినదంతా డైరీలో రాసి, ఆ రోజు మీద రంగు వేసేదాన్ని. బాగుంటే నీలం, లేకపోతే ఎరుపు.

రెండిడ్లీలు తింది. గేటు దాకా నడిచింది. బసవపున్నయ్య మావయ్య గొడుగు గాలికి తిరగబడితే పడీపడీ నవ్వింది.

"ఎలా ఉందే పిన్నికి?" అని అమ్మ బస్సు దిగి రాగానే అడిగేది.

"నీలమేనమ్మా."

పన్నెండు రోజులు అదే జవాబు. పిన్ని మంచం మీద ఉన్నంతసేపూ పాదాల మీద దుప్పటి ఉండేది. ఈ ఎండల్లో దుప్పటేంటని అడగాలనుకునేదాన్ని. మొహమాటంతో అడగలేదు. "ఇంకొక్క కాగితాల కట్టే మిగిలిందే," అనేది తను.

పదమూడో రోజు పొద్దున ఊపిరి అందలేదు. తెనాలిలో డాక్టరుగారు దుప్పటి తీసి చూశారు.

"ఈ వాపు పది రోజుల పైమాటేనమ్మా. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

అమ్మ నావైపు చూసింది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే చేబ్రోలు దగ్గర పిన్ని పోయింది.

సమాధి అయ్యాక పెట్టె తెరిచాను. చివరి కట్ట కూడా పూర్తి చేసింది. ఆసుపత్రిలో చేరితే అది ఆగిపోతుందని భయపడి వాపు దాచి ఉంటుంది.

ఎర్ర పెన్సిలు తీసుకుని, డైరీలో చివరి రోజు నుంచి వెనక్కి వచ్చాను. గొడుగు రోజు దగ్గర చెయ్యి ఆగింది. తరవాత దాని మీద కూడా ఎరుపే వేశాను. నవ్వింది అని రాసిన మాట ఆ రంగు కింద ఇంకా కనిపిస్తూనే ఉంది.