కంకర కింది బురద

రేపల్లె లైన్లో పట్టాల కింద కంకర సర్దడం నా ఉద్యోగం. ఏడో తరగతితో బడి మానేశాను కాబట్టి ఉద్యోగంలో చేరి ఇరవై ఆరేళ్లయినా చేతిలో పారే మిగిలింది. నిన్నగాక మొన్న వచ్చిన ఇంజినీరు మధుబాబు నాకు పని చెబుతాడు.

మా ఆవిడ బసవమ్మకి తెనాలిలో కడుపు ఆపరేషనైంది. శనివారం మధ్యాహ్నం బండికి చెల్లెలితో ఇంటికి వస్తోంది. ఆటో కుదుపులకి కుట్లు తెగుతాయి, రైల్లో వెళ్లమన్నాడు డాక్టరు. ఆ రైలుదారి సంగతి నాకు తెలుసు.

వేమూరు దాటాక పంటకాలవ పక్కన ఒకచోట బండి దబ్బున కుంగి లేస్తుంది. అక్కడికొచ్చినప్పుడల్లా బసవమ్మ, "ఇక్కడ పనిచేసినోడి చేతులు పడిపోను!" అనేది. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. ఆ చేతులు నావే. వేసవిలో తనిఖీ ఉందని, మట్టిపట్టిన పాత కంకర తవ్వకుండా పైన కొత్తది పోసి చదును చేశాను. చూపుకి బాగానే ఉంది. వానలు పడ్డాక నీళ్లు దిగే దారిలేక, బండి వెళ్లినప్పుడల్లా పట్టాల్ని మోసే స్లీపర్ల కిందనుంచి బురద కక్కుతోంది.

శుక్రవారం మధుబాబుకి చెప్పాను.

"పైన కంకర నిండుగానే ఉంది కదా బాబాయ్?"

"కింద కుళ్లిందండి. పైన కప్పింది నేనేనండి."

తిడతాడనుకున్నాను. "రేపు పొద్దున బండి వెళ్లాక, మధ్యాహ్నం బండి వచ్చేదాకా లైను ఖాళీగా ఇప్పిస్తాను. ఎంతమంది కావాలి?" అన్నాడు. ఇన్నాళ్లూ అతనిమీద దాచుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎనిమిది స్లీపర్ల మధ్య బురద తోడాం. నీళ్లు పోవడానికి పక్కకి గాడి తీశాం. రాళ్లు జల్లెడపట్టి, మంచివి తిరిగి వేసి, స్లీపర్ల కింద దట్టించాం.

"అక్కకి పరుపేస్తున్నావా బావా?" అన్నాడు నాతో పనిచేసే కృపారావు.

"నోరుమూసుకుని దట్టించరా."

కొత్తగా తవ్విన చోటు కదా, బండి నెమ్మదిగా వచ్చింది. బురద చుక్క పైకి రాలేదు. కిటికీ పక్కన బసవమ్మ పొట్ట అదుముకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. నన్ను చూడలేదు.

కాసేపటికి ఫోను. "ఏమయ్యా, ఆ గుంత ఇంకెప్పుడొస్తుంది? బిగబట్టుకుని చస్తన్నా."

"దాటేశావే. భట్టిప్రోలు వస్తోంది చూడు."

"అవునా! ఎవడు బాగుచేశాడో, చల్లగుండాలి."

"చెడగొట్టినోడే," అన్నాను. "నేనే."

తిట్లు పడతాయని ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను.

"పొద్దున్నించి ఏవన్నా తిన్నావా?" అంది.